పిల్లల పుస్తకానికి అధికారి ఎవరు?

గత మాసం మన ఆలయ మండపంలో ప్రహ్లాద చరిత్ర పురాణం ముగిసి, శ్రోతలు తీర్థప్రసాదాలు స్వీకరించి వెళుతున్న సమయంలో ఒక తల్లి తన యిద్దరు పిల్లలతో నా దగ్గరకు వచ్చారు. పిల్లవానికి పదమూడేండ్లు, ఆడపిల్లకు ఏడేండ్లు. "పంతులుగారూ, వీళ్ళచేత మంచి పుస్తకాలు చదివించాలని ఉంది. ఏవి కొనాలో ఒక పట్టీ వ్రాసి ఇవ్వండి. ఇద్దరికీ పనికివచ్చేవైతే మరీ మంచిది" అన్నారు.

నాలుగు గ్రంథాల పేర్లు అప్పటికప్పుడు చెప్పి పంపడం నాకు కష్టం కాదు. ఒకప్పుడైతే అట్లాగే చేసేవాడిని. కాని మేము మాట్లాడుతున్నంతసేపూ ఆ పిల్లవాడు గోడ దగ్గర నిలబడి, పాత శిలాశాసనం మీది అక్షరాలను వ్రేలితో తడుముతున్నాడు. ఆ చిన్నపిల్ల తల్లి కొంగు లాగుతూ, "అమ్మా, స్వామి స్తంభంలో ఉన్నంతసేపూ ఊపిరి ఎట్లా పీల్చుకున్నాడు?" అని మాటిమాటికీ అడుగుతున్నది. ఎవరికి ఎటువంటి పుస్తకం కావాలో ఆ పిల్లలు అప్పటికే చెబుతున్నారు. పెద్దవాళ్ళమైన మేమిద్దరమే వినిపించుకోవడం లేదు. ఆమెకు రెండు వారాలు గడువు అడిగి, ఆలోచించి వ్రాసినది ఈ వ్యాసం.

అధికారి మొదట, ప్రయోజనం తరువాత

శాస్త్రగ్రంథాన్ని ఆరంభించేటప్పుడు నాలుగు విషయాలు తేల్చి చెప్పాలని మన పూర్వుల నియమం. ఆ గ్రంథం ఎవరి కోసం, అందులో ఏమున్నది, ఆ విషయానికీ గ్రంథానికీ గల సంబంధమేమిటి, చదివితే కలిగే ఫలమేమిటి అనేవి ఆ నాలుగు. వీటినే అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అంటారు. అన్నిటికీ కలిపి అనుబంధ చతుష్టయమని పేరు.

ఈనాడు అధికారి అనగానే కార్యాలయంలో బల్ల వెనుక కూర్చున్న ఉద్యోగి మనస్సులో మెదులుతాడు. శాస్త్రంలో ఆ మాటకు అర్థం వేరు. ఒక కర్మకుగాని, ఒక గ్రంథానికిగాని తగినవాడు అధికారి. ఆ తగినతనానికి మీమాంసకులు చెప్పిన లక్షణాలలో మొదటిది అర్థిత్వం, అంటే కోరిక ఉండడం. సామర్థ్యం ఆ తరువాతిది. శక్తి ఉండి కోరిక లేనివాడు అధికారి కాడు. కోరిక ఉండి శక్తి చాలనివానికి మాత్రం పెద్దలు చేయి అందించవచ్చు.

పిల్లల పుస్తకాల విషయంలో మనం ఈ వరుసను తలక్రిందులు చేస్తున్నాము. ఈ పుస్తకం చదివితే నీతి వస్తుందా, భాష వస్తుందా, మార్కులు వస్తాయా అని ప్రయోజనాన్ని మొదట విచారిస్తాము. పిల్లవానికి దానిపై కోరిక పుట్టిందా అనే ప్రశ్న చివరకు కూడా రాదు. ఆనందం కలిగినంత మాత్రాన ఏమి లాభమని అడిగేవారికి మమ్మటాచార్యుని కావ్యప్రకాశం సమాధానం చెబుతుంది. కావ్యానికి ఆయన చెప్పిన ఆరు ప్రయోజనాలలో కీర్తి, ధనం, లోకజ్ఞానం, ఉపదేశం మొదలైనవాటితోపాటు చదివిన క్షణంలోనే కలిగే పరమానందం కూడా ఒకటి. పైగా అన్ని ప్రయోజనాలకూ అదే తలమానికమని తన వృత్తిలో ఆయనే వివరించాడు. పెద్దల కావ్యాలకే అట్లా ఉన్నప్పుడు పసివారి కథలకు వేరే చెప్పాలా?

నేను చేసిన పొరపాటు

ఈ మాటలు అంత తేలికగా చెప్పే అర్హత నాకు లేదు. దాదాపు నలభై యేండ్ల క్రితం మా అబ్బాయికి పది సంవత్సరాలు. ప్రతి నెలా చందమామ ఎప్పుడు వస్తుందా అని వీధి అరుగు మీద కూర్చుని ఎదురుచూసేవాడు. అందులో మాంత్రికులు, దుర్గాలు, వింత జంతువులు గల ఒక ధారావాహిక వస్తుండేది. ఒక సాయంకాలం వాడు దానిలో మునిగి, నేను రెండుసార్లు పిలిచినా పలుకలేదు. నాకు కోపం వచ్చింది. "ఈ మాంత్రికుల గోల నీకెందుకురా?" అని పుస్తకం లాక్కొని అటకమీద పెట్టి, అమరకోశం చేతికిచ్చాను. నెలనెలా వచ్చే సంచికను కూడా మాన్పించాను.

నేను శబ్దమంజరి, అమరకోశం, రఘువంశం అనే క్రమంలో చదువుకున్నవాడిని. ఆ క్రమం నాకు విద్యనిచ్చింది, అన్నం పెట్టింది. వాడికీ అంతే జరుగుతుందనుకున్నాను. వాడు ఎదురు చెప్పలేదు. ప్రథమకాండ కంఠస్థం చేసి తప్పు లేకుండా అప్పజెప్పాడు. కాని ఆ తరువాత పరీక్షకు అవసరమైన పుస్తకం తప్ప మరొక తెలుగు పుస్తకాన్ని వాడు తనంత తానుగా తెరవడం నేను చూడలేదు. దోషం అమరకోశానిది కాదు. అధికారిని చూడకుండా గ్రంథాన్ని నిర్ణయించిన నాది. శ్లోకాలు కంఠస్థం చేయించడం వద్దని నేను ఈనాటికీ అనను. చిన్ననాడు నేర్చిన శ్లోకం జీవితాంతం తోడుంటుంది. అయితే కంఠపాఠం వేరు, ఇష్టపడి చదువుకోవడం వేరు. ఒకదానికోసం రెండవదాన్ని చంపనవసరం లేదు. రెండింటికీ వేరువేరు వేళలు పెట్టవచ్చు.

విష్ణుశర్మ చూపిన దారి

పంచతంత్రం పుట్టిన కథ అందరికీ తెలిసినదే. మహిలారోప్య నగరాధీశుడైన అమరశక్తికి ముగ్గురు కొడుకులు. చదువంటే వారికి విముఖత. వ్యాకరణానికే పన్నెండేండ్లు పడుతుందని, ఆ తరువాతనే అర్థశాస్త్రాదులని సభలోనివారు అన్నారు. ఎనభై యేండ్ల విష్ణుశర్మ మాత్రం ఆరు నెలలలో వారిని నీతిశాస్త్రంలో నిపుణులను చేస్తానని ప్రతిజ్ఞ చేశాడు.

ఆయన కథలు చెప్పాడనే అందరూ గుర్తుంచుకుంటారు. ఆ కథలు చెప్పిన తీరును గమనించినవారు తక్కువ. అందులో ఒక నక్కగాని, కాకిగాని, ఫలానావాడు ఫలానా పని చేసి చెడిపోయాడని ఒక్క మాటలో సూచించి ఊరుకుంటుంది. వింటున్న జంతువు "అది ఎట్లా జరిగింది?" అని అడుగుతుంది. అప్పుడు గాని కథ మొదలు కాదు. అంటే ప్రశ్న శ్రోతది, సమాధానం వక్తది. మన ఇండ్లలో ఇది తిరగబడింది. కథ పూర్తికాగానే "ఇందులో నీతి ఏమిటి? చెప్పు" అని మనమే అడుగుతున్నాము. అప్పటిదాకా కథలో విహరిస్తున్న పిల్లవాడు ఆ ప్రశ్నతో మళ్ళీ బడిలో వచ్చి పడతాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. పంచతంత్రమంటే పిల్లల పుస్తకమని, ఏ ప్రతి దొరికితే అది ఇచ్చేయడం తగదు. మూలంలో దాంపత్య వంచనకు, రాజతంత్ర క్రౌర్యానికి సంబంధించిన కథలూ ఉన్నాయి. పసివారికోసం ఏరికూర్చిన ప్రతినే తీసుకోవాలి. అట్లాగే 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రిక తెలుగు గద్యానికి ఆభరణం. నాకు ప్రాణసమానం. అయినా ఏడేండ్ల పిల్లకు అది ఇవ్వను. ఆ వాక్యాల సొగసు అందుకోవడానికి పదిహేను, పదహారేండ్లు రావాలి.

వయస్సును బట్టి

అయిదేండ్ల వరకు లాలించి, ఆపైన పదేండ్లపాటు అదుపులో పెట్టి, పదహారు రాగానే మిత్రునివలె చూడాలని నీతికారులు బిడ్డల పెంపకాన్ని మూడు దశలుగా చెప్పారు. పుస్తకాలకు కూడా ఈ విభాగం చక్కగా సరిపోతుంది. నడిమి దశ చాలా పొడవైనది కనుక దానిని నేను రెండుగా చేసుకున్నాను.

అయిదేండ్ల లోపు పిల్లలకు పుస్తకమంటే పెద్దల ఒడి, గొంతు, బొమ్మ. జోలపాటలు, గోరుముద్దలు తినిపించేటప్పటి పాటలు వారి తొలి వాఙ్మయం. పెద్ద బొమ్మలు, పుటకు ఒకటి రెండు వాక్యాలు, లావు అక్షరాలు గల పుస్తకాలు వారికి తగినవి. నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాలపుస్తకాలయం, ప్రథమ్ బుక్స్, తులికా సంస్థలు ఇటువంటివి తెలుగులో కూడా ప్రచురించాయి. పిల్ల ఒకే పుస్తకాన్ని ఇరవైసార్లు చదవమంటే విసుక్కోకండి. నిత్యం చేసే స్తోత్రం మనకు విసుగు పుట్టిస్తున్నదా?

ఆరు మొదలు పదేండ్ల వరకు పొట్టి కథల కాలం. ఒక కూర్చీలో పూర్తయ్యే కథ కావాలి. తెలివి గెలవాలి, మూర్ఖుడు నవ్వించాలి. తెనాలి రామలింగని కథలు, మర్యాద రామన్న తీర్పులు, పరమానందయ్య శిష్యుల కథలు, ఏరికూర్చిన పంచతంత్రం ఈ దశకు తగినవి. 1947 జూలైలో మొదలైన చందమామ కొన్ని తరాలకు ఈ అవసరాన్నే తీర్చింది. పత్రిక ఆగిపోయినా పాత సంచికలు ఎందరి ఇండ్లలోనో భద్రంగా ఉన్నాయి. అందులోని బేతాళ కథలలో గొప్ప సౌకర్యమున్నది. ప్రతి కథా ఒక చిక్కుప్రశ్నతో ముగుస్తుంది. విక్రమార్కుని సమాధానం చదవబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. మీరు అడగకపోయినా పిల్లలే తమ తీర్పు చెబుతారు.

పదకొండు నుండి పదిహేను వరకు సాహసం, హాస్యం, ఆరా తీసే గుణం ప్రబలంగా ఉంటాయి. దాసరి సుబ్రహ్మణ్యంగారు చందమామకు వ్రాసిన తోకచుక్క, మకరదేవత, పాతాళదుర్గం వంటి ధారావాహికలు ఈ వయస్సువారిని నిద్రపోనివ్వవు. ముళ్ళపూడి వెంకటరమణగారి బుడుగు చిన్నపిల్లవాని మాటలలో నడిచినా, దానిలోని చమత్కారం పన్నెండు దాటినవారికే బాగా తెలుస్తుంది. తెత్సుకో కురొయనాగి అనే జపాను రచయిత్రి తన బడి ముచ్చట్లను వ్రాసిన తొత్తోచాన్ తెలుగులో రైలుబడిగా వచ్చింది. బడి అంటే భయపడే పిల్లలకు అది మంచి నేస్తం. గ్రహాలు, తిథులు, నెలలు ఎట్లా ఏర్పడ్డాయని అడిగే పిల్లవానికి మహీధర నళినీమోహన్‌గారి క్యాలెండర్ కథ ఇవ్వండి. పంచాంగం ముందు కూర్చునే నాకే అది సంతోషం కలిగించింది. రామాయణ భారతాలు వచనంలో చదవదలచినవారికి ఉషశ్రీగారి రచనలు, పురిపండా అప్పలస్వామిగారి వ్యావహారికాంధ్ర మహాభారతం ఉన్నాయి.

పదహారు దాటిన తరువాత మనం పుస్తకం ఇవ్వకూడదు, అందుబాటులో ఉంచాలి. మిత్రునికి ఆజ్ఞాపించము కదా! మొగల్తూరు కుర్రవాడు ఇంగ్లండుకు ప్రయాణం కట్టిన మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశం, అడివి బాపిరాజుగారి హిమబిందు, గోన గన్నారెడ్డి, నోరి నరసింహశాస్త్రిగారి నారాయణభట్టు, రుద్రమదేవి, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి అనుభవాలూ జ్ఞాపకాలూనూ, గాంధీమహాత్ముని సత్యశోధన, ఇవన్నీ కంటికి కనిపించే చోట ఉంటే చాలు. వారు తమకు నచ్చినదేదో మనకు చెప్పినప్పుడు, దానిని మనమూ చదవాలి. అది వారితో స్నేహానికి మనం చెల్లించవలసిన మూల్యం.

ఒకే కథ, మూడు వయస్సులు

వయోవిభాగం గోడ వంటిది కాదు, మెట్ల వంటిది. సుందరకాండనే చూడండి. ఏడేండ్ల పిల్లకు హనుమంతుడు సముద్రం దాటడం, తోకకు నిప్పంటించుకొని లంకను కాల్చడం కావాలి. ఆమెకు అంతవరకే చెబితే చాలు, అదే సంపూర్ణ సుందరకాండ. పద్నాలుగేండ్ల వాడికి వేరొక ఘట్టం అవసరమవుతుంది. లంకంతా వెదకినా సీతమ్మ కనబడక, ఉత్త చేతులతో తిరిగి వెళ్ళలేక, ప్రాణత్యాగం వరకు ఆలోచించి, మళ్ళీ తనను తాను కూడదీసుకొని అశోకవనం వైపు అడుగు వేసిన హనుమంతుడు వాడికి కావాలి. పరీక్షలో తప్పి ఇంటికి ఎట్లా వెళ్ళాలో తెలియక వీధిలో తిరిగే పిల్లవానికి ఈ ఘట్టం చేసే మేలు ఎన్ని హితబోధలూ చేయలేవు. ఇక పద్దెనిమిది దాటినవారు సీతాహనుమత్సంవాదంలోని మాటల పొందికను, పరస్పర విశ్వాసం కుదిరిన విధానాన్ని గ్రహించగలరు. కనుక ఒకసారి చదివిన పుస్తకమని తీసి పెట్టవద్దు. మూడు నాలుగేండ్లకు మళ్ళీ అదే పుస్తకం ఎదురుపడేటట్లు చూడండి.

బొమ్మల కథలను గురించి

బొమ్మల కథలు చదివితే చదువు చెడుతుందని కొందరి భయం. మన ఆలయాలను చూస్తే ఆ భయం తీరుతుంది. హంపిలోని హజార రామాలయం గోడల మీద రామాయణం బొమ్మలుగా, వరుసలుగా సాగుతుంది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పులో కిరాతార్జునీయం చిత్రాలుగా ఉన్నది. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాలలో గడులు గడులుగా కథను చిత్రించి, దగ్గరనే తెలుగులో వివరం వ్రాస్తారు. అనంత్ పై గారి సంపాదకత్వంలో 1967లో మొదలైన అమర్ చిత్ర కథలు ఈ పాత దారినే కాగితం మీదకు తెచ్చాయి. బొమ్మలు చూస్తూ కథను అనుసరించడం కూడా చదువే.

చెవి వయస్సు, కంటి వయస్సు

మా మనుమరాలికి తొమ్మిదేండ్లు. బెంగుళూరులో చదువుతున్నది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవడం మాత్రం కూడబలుక్కుంటూనే. క్రిందటి దసరా సెలవులకు వచ్చినప్పుడు ఆమె కోసం లావు అక్షరాల పుస్తకం ఒకటి కొన్నాను. రెండు పుటలు తిప్పి, "తాతయ్యా, ఇది పాపాయిల పుస్తకం" అని నా ఒడిలో పెట్టింది. ఆమె కన్నుకు అయిదేండ్లు, చెవికి తొమ్మిదేండ్లు అని అప్పుడు తెలిసింది. ఇతర రాష్ట్రాలలో, విదేశాలలో పెరుగుతున్న మన పిల్లలలో అనేకులది ఇదే స్థితి. కంటికి తగినది ఇస్తే అవమానపడతారు, చెవికి తగినది ఇస్తే చదవలేరు. దీనికి ఉపాయం ఒక్కటే. చెవికి తగిన కథను మనం చదివి వినిపించాలి, అక్షరాలు వారి కంటికి కనబడేటట్లు ప్రక్కన కూర్చోబెట్టుకోవాలి. వాల్మీకి మహర్షి కూడా కుశలవులకు రామాయణాన్ని గానంగానే నేర్పాడు. లోకం దానిని మొదట చెవితోనే అందుకొన్నది.

అటకమీది చందమామలు దింపించి, ఒక బేతాళ కథ చదవసాగాను. కథ నడుమ సంధ్యావందనానికి వేళ అయింది. పుస్తకం పీట మీద ఉంచి లేచాను. తిరిగి వచ్చేసరికి ఆమె బోర్లా పడుకొని, అక్షరం మీద వ్రేలు పెట్టి, పెదవులు కదుపుతూ ముందుకు సాగుతున్నది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నా వెనుక మా అబ్బాయి వచ్చి నిలబడ్డాడు. కొంతసేపు కూతురిని చూసి, మెల్లగా అన్నాడు: "నాన్నగారూ, ఆ రోజు మీరు అటకమీద పెట్టిన సంచికలో ఆ మాంత్రికుడు చివరకు ఏమయ్యాడో నాకు ఈనాటికీ తెలియదు."

వాడి గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే నాకు తేలికగా ఉండేది. మరునాడు తండ్రీకొడుకులం ఆ సంచికలు నెలల వరుసన పేర్చాము. నడుమ కొన్ని లేవు. నేను మాన్పించిన నెలలవి. ఇప్పుడు వాడు వాటికోసం వెదుకుతున్నాడు.

ఇంటిలో పాటించదగిన నియమాలు

ఆ తల్లికి నేను చెప్పదలచిన నియమాలు కొన్నే. కొనేముందు పిల్లవానిచేత ఒక పుట చదివించండి. అయిదు మాటలకు మించి తడబడితే ఆ పుస్తకం వాడు ఒంటరిగా చదివేది కాదు, మీరు చదివి వినిపించేది. మీరు రెండు పుస్తకాలు ఎంచుకుంటే ఒకటి పిల్లలను ఎంచుకోనివ్వండి. అది మీకు నచ్చకపోయినా సరే. నచ్చని పుస్తకాన్ని సగంలో విడిచే స్వేచ్ఛ ఇవ్వండి. భోజనమైన తరువాత పదిహేను నిమిషాలు చదివి వినిపించండి, పెద్ద పిల్లలైనా వింటారు. కథ చివర నీతి అడగకండి. చదువుతున్న పిల్లవాని చేతిలోనుండి పుస్తకం లాక్కోకండి. అత్యవసరమైతే, "ఆ ఘట్టం ముగించి రా నాన్నా" అనండి. మా ఇంట్లో ఆ ఒక్క మాట లోపించింది.

ఇక ఆమె అడిగిన పట్టీ. అమ్మా, మీ అబ్బాయి చేతిలో నారాయణభట్టును, ప్రక్కన క్యాలెండర్ కథను ఉంచండి. నారాయణభట్టు వాని వయస్సుకు కొంచెం బరువే, కనుక మొదట మీరు తోడు కూర్చోండి. శాసనాల మీద వ్రేలు పెట్టే పిల్లవానికి దానిపై కోరిక పుట్టే అవకాశమున్నది. మీ అమ్మాయికి బొమ్మల ప్రహ్లాద చరిత్ర కొనండి. స్తంభంలో స్వామి ఊపిరి సంగతి నన్నే అడగమనండి. నాకు సమాధానం ఇంకా తోచలేదు, ఇద్దరం కలిసి ఆలోచిస్తాము. ఇద్దరికీ ఒకే పుస్తకం మాత్రం వద్దు.

శరన్నవరాత్రులలో మూలానక్షత్రం నాడు పిల్లల పాఠ్యపుస్తకాలను సరస్వతీదేవి పాదాల చెంత ఉంచడం మన ఆచారం. ఈ సంవత్సరం వాటితోపాటు ప్రతి బిడ్డా తానే కోరి ఎంచుకున్న కథల పుస్తకం ఒకటి కూడా ఉంచండి. పూజ ముగిసిన తరువాత దానిని ప్రసాదంగా తిరిగి చేతికివ్వండి. తల్లి అనుగ్రహం చదువుతోపాటు చదువుమీది ప్రీతిగా కూడా మన పిల్లలకు లభించాలని ప్రార్థిస్తూ, స్వస్తి.